కనకలత నేర్పిన కేక

జర్మనీలో డెగ్గెన్‌డార్ఫ్ దాటాక డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో బేస్‌బాల్ క్లబ్బు ఉంది. పేరు బీబర్స్. పాతికేళ్లుగా ఆ క్లబ్బుకి స్కోరు రాస్తున్నది ఒక తెలుగు డాక్టరమ్మ అంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు.

ఆమె పేరు కనకలత. అరవై ఏడేళ్లు. తెనాలిలో పుట్టి, గుంటూరులో డాక్టరీ చదివి, ఇంజనీరు భర్త మురళీతో ఎనభైల చివర జర్మనీ వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసే డాక్టరుగా రిటైరైంది. తనతో పనిచేసే నర్సు ఒకావిడ, కొడుకు ఆడుతున్నాడు చూద్దువుగాని రమ్మంటే మొహమాటానికి వెళ్లింది. ఆ ఆదివారమే ఆట ఆమెను పట్టుకుంది. ఆమెకు అందులో నచ్చిందల్లా తప్పులు రాసే పద్ధతి. పట్టగలిగిన బంతిని వదిలేస్తే స్కోరు పుస్తకంలో వాడి పేరు పక్కన ‘ఎర్రర్’ అని పడుతుంది. అది పట్టగలిగిన బంతా కాదా అన్నది స్కోరు రాసేవాళ్లు తేల్చాలి. కనకలత అనుమానం ఉన్నా ఎవరినీ వదిలేది కాదు. మురళీ పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన అంత్యక్రియలు శుక్రవారం జరిగితే, ఆదివారం మధ్యాహ్నం ఆమె మైదానంలో పుస్తకం తెరిచి కూర్చుంది.

ఈ ఏడాది ఏప్రిల్‌లో సీజను మొదలైన మొదటి ఆదివారం బీబర్స్ పన్నెండు-రెండు స్కోరుతో ఓడిపోయారు. కోచ్ చలి అన్నాడు. వేళ్లు బిగుసుకుపోయి బంతి మీద పట్టు దొరకలేదన్నాడు.

“చలి అవతలివాళ్లకి వెయ్యలేదా?” అంది కనకలత జర్మన్‌లో.

ఈ యేడు టీములోకి కొత్తగా వచ్చినవాడు సృజన్. డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీలో మాస్టర్స్ చదువుతున్నాడు. ఇండియాలో క్రికెట్ జిల్లా జట్టుకి ఆడాడట. ఇక్కడ క్రికెట్ లేక, బంతీ బ్యాటూ కనిపించిన చోటికి వచ్చి చేరాడు. ఔట్‌ఫీల్డ్‌లో, అంటే బౌండరీ వైపు, ఎత్తుగా వచ్చే బంతుల్ని పట్టే చోట వాణ్ణి నిలబెట్టారు. మొదటిరోజే వెతుక్కుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

“నమస్తే ఆంటీ. మీరు తెలుగంట గద, కోచ్ చెప్పిండు. నేను హుజూరాబాద్, కరీంనగర్ పక్కకు.”

“ఆట వచ్చా?”

“నేర్చుకుంటున్న ఆంటీ.”

“నేర్చుకుని రావాల్సింది,” అంది ఆమె.

వాడు నవ్వేశాడు. పెద్దవాళ్లు అలాగే అంటారులే అన్నట్టు.

రెండో ఆదివారం సొంత మైదానంలో మ్యాచ్. చెక్క బెంచీల మీద నలభై మంది ఉంటారేమో. ఐదో ఇన్నింగ్స్‌లో సులువైన బంతి ఒకటి సృజన్ వైపు ఎత్తుగా వచ్చింది. క్రికెట్ అలవాటుకొద్దీ వాడు రెండు చేతులూ దోసిలి పట్టాడు. బంతి గ్లవ్ అంచుకు తగిలి కింద పడింది. అవతలివాళ్లకి ఒక రన్ను వచ్చేసింది.

కనకలత పుస్తకంలో ఎర్రర్ రాసి, లేచి నిలబడి గట్టిగా అరిచింది. “దండగ! ఒట్టి దండగ మనిషివి!”

దూరంగా నిలబడ్డ సృజన్ తల తిప్పి చూశాడు. మైదానంలో ఆ మాట అర్థమైనవాడు వాడొక్కడే.

పక్క బెంచీలో కూర్చునే ముసలి జెప్ ఆసక్తిగా అడిగాడు. “డండగా? అంటే ఏంటి, ఫ్రావ్ డాక్టర్?” డాక్టరమ్మగారూ అని అక్కడి పిలుపు అది.

నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. “పర్లేదు, మళ్లీ పట్టు అని,” అంది.

జెప్ ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని “డండగా, సృజన్! డండగా!” అని అరిచాడు. వెనక బెంచీ అందుకుంది. నిమిషంలో నలభై మందీ చప్పట్లు కొడుతూ అదే మాట అరిచారు. సృజన్ టోపీ తీసి వాళ్లకేసి ఊపాడు.

ఆ క్షణాన కనకలత ఆపి ఉండొచ్చు. ఆపలేదు. ఆమెకు నవ్వొచ్చింది.

ఆ మ్యాచూ ఓడారు. మూడో ఆదివారం ఓడారు. నాలుగో ఆదివారమూ ఓడారు. బంతి విసిరే పిచ్చర్ల చేతుల్లో బలం లేదు, సగం బంతులు దారి తప్పి పోతున్నాయి. అయినా కనకలత కళ్లు మాత్రం ఔట్‌ఫీల్డ్‌లో ఆ ఒక్కడి మీదే ఉండేవి. ముప్పై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో ఎవరిచేతా వేలెత్తి చూపించుకోకుండా బతికింది ఆమె. ఇప్పుడు తన దేశంవాడు, తన భాషవాడు అందరి ముందూ బంతులు జారవిడుస్తుంటే ఆ చేతులు తనవే అయినట్టు ఒళ్లు మండేది. వాడు తప్పు చేసినప్పుడల్లా మొదటి కేక ఆమెదే. తర్వాత స్టాండంతా అందుకునేది. ఎవరో దుప్పటి మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో ఆ మాట రాసి కంచెకు కట్టారు. టీములో కుర్రాళ్లు వాణ్ణి ముద్దుగా డండగా అనే పిలవడం మొదలుపెట్టారు.

ఐదో ఆదివారానికి కూతురు గీతిక వచ్చింది. మే ఒకటి సెలవు కలిసొచ్చిందని లైప్‌జిగ్ నుంచి మూడు రోజులకు. ముప్పై నాలుగేళ్ల పిల్ల. తల్లి తెలుగులో మాట్లాడితే జర్మన్‌లో జవాబిస్తుంది. ఇంట్లో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక తల్లి వెంట మైదానానికి వచ్చింది. కంచె మీద దుప్పటి చూసి ఆగిపోయింది.

“ఇదేంటి?”

“వాళ్లేదో సరదా పడుతున్నారు,” అంది కనకలత.

మూడో ఇన్నింగ్స్‌లో సృజన్ బ్యాటు పట్టుకుని రాగానే స్టాండు లేచింది. డండగా, డండగా. పసిపిల్లలు కూడా అరుస్తున్నారు. గీతిక ముఖంలో రంగు మారింది. ఆ మాట ఆమె చిన్నప్పుడు రోజూ విన్నది. వయొలిన్ అపశ్రుతి పలికితే దండగ. లెక్కల్లో రెండో ర్యాంకు వస్తే దండగ. పద్నాలుగో ఏట ఆ వయొలిన్ పెట్టె మూసి మళ్లీ తెరవలేదు.

“వీళ్లకి ఎవరు నేర్పారు?” అని పక్కనున్న జెప్‌ని అడిగింది.

“మీ అమ్మగారే!” అన్నాడు జెప్ గర్వంగా. “పర్లేదు, మళ్లీ పట్టు, అని అర్థం కదా?”

గీతిక తల్లి వైపు చూసింది. కనకలత పుస్తకంలోంచి తల ఎత్తలేదు. గీతిక లేచి నిలబడి, అందరికీ వినపడేట్టు, తీరిగ్గా, స్పష్టమైన జర్మన్‌లో చెప్పింది. “కాదు. పనికిమాలినవాడు అని అర్థం. ఉన్నా లేకపోయినా ఒకటే అని. నాకు బాగా తెలుసు.”

కేకలు ఆగిపోయాయి. వెనకెక్కడో ఒక పాప ఇంకా అరుస్తుంటే, ఆ పాప నోరు వాళ్లమ్మ మూసింది.

బ్యాటింగు చేసే ప్లేటు దగ్గర నిలబడ్డ సృజన్ స్టాండు వైపు చూశాడు. అంతమందీ తలలు దించుకుని ఉండటం చూసి వాడికి విషయం తెలిసిపోయింది. తర్వాత వచ్చిన మూడు బంతులకూ బ్యాటు గాల్లో ఊపి ఔటై వెళ్లిపోయాడు.

మ్యాచ్ ఓడిపోయాక క్లబ్బు అధ్యక్షురాలు ఫ్రావ్ బావర్ టీము మొత్తాన్నీ నిలబెట్టి, అందరి తరఫునా వాడికి క్షమాపణ చెప్పింది. మంచి ఉద్దేశంతోనే చెప్పింది. కానీ నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసి నవ్విన కుర్రాళ్లు ఇప్పుడు వాడి ముఖంలోకి చూడలేకపోయారు. సృజన్ “పర్లేదు, పర్లేదు” అంటూనే చొక్కా విప్పి, మడతపెట్టి, గ్లవ్ పైన పెట్టి ఫ్రావ్ బావర్ చేతికిచ్చాడు.

కనకలత బస్‌స్టాపు దాకా వెళ్లింది. వాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి అలవాటుగా లేచి నిలబడ్డాడు.

“అర్థం తెలుసు కదా నీకు. వాళ్లకి ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది.

“చెప్తే అరుసుడు బంజేస్తరు గద ఆంటీ,” అన్నాడు సృజన్. “ఈడికొచ్చి ఏడాదిన్నరైంది. నా పేరు కూడా ఎవ్వలు సక్కగ పిలువలే. ఒక్కపారిగ గంతమంది లేచి నిలవడి నా కోసం అరుస్తున్రు. అర్థం నా ఒక్కనికే తెల్సు, ఏంగాదులే అనుకున్న. మీకు గూడ తెల్సు, గానీ... మీరు పెద్దోళ్లు.”

కనకలత చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ఆమె నోట ఎన్నడూ పలికింది కాదు. “బంతి రాకముందే నీ కుడికాలు కదులుతోంది,” అంది. “అందుకే బ్యాటు తగలట్లేదు.”

సృజన్ ఆమెను వింతగా చూశాడు. బస్సొచ్చింది. “సరే ఆంటీ,” అని ఎక్కాడు.

ఇంటికొచ్చేసరికి గీతిక సంచీ సర్దుకుని గుమ్మంలో ఉంది. టికెట్టు సోమవారానికి. ఆదివారమే వెళ్లిపోయింది.

స్కోరు రాయడం ఊళ్లో ఇంకెవరికీ రాదు కాబట్టి క్లబ్బు కనకలతను మానిపించలేదు. ఆమెకు అటూ ఇటూ బెంచీ మాత్రం ఖాళీగా ఉండసాగింది. జెప్ రెండు వరసలు వెనక్కి జరిగాడు.

మరుసటి వారం ఆమె పుస్తకం ముందేసుకుని ఐదు మ్యాచ్‌లూ మొదటినుంచి చూసింది. బీబర్స్ మొత్తం నలభై ఆరు రన్నులు ఇచ్చారు. సృజన్ తప్పుల వల్ల వచ్చినవి మూడు. మిగతా నలభై మూడూ పిచ్చర్ల పుణ్యం. వాడున్నా లేకపోయినా ఐదు మ్యాచ్‌లూ ఓడేవాళ్లే. ఆ సంగతి ఆమె చేతిరాతలోనే మొదటినుంచీ ఉంది.

ఆ లెక్క ఉన్నదున్నట్టు జర్మన్‌లో టైపు చేసి క్లబ్బుకు పంపింది. సీజను మొదట్లో ఓటములకు కారణం సృజన్ కాదని, తన అంచనా తప్పని రాసింది. ఫ్రావ్ బావర్ దాన్ని క్లబ్బు పేజీలో పెట్టి, సృజన్‌కి వాట్సాప్‌లో కూడా పంపింది. వాడు చూసినట్టు రెండు నీలం టిక్కులు వచ్చాయట. జవాబు రాలేదు.

తర్వాత వాడు ఇంటర్న్‌షిప్ దొరికి ఆకెన్ నగరానికి వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు. జూన్‌లో ఎండలు ముదిరి పిచ్చర్లు గాడిన పడ్డారు. బీబర్స్ వరసగా నాలుగు గెలిచారు. నాలుగో గెలుపు రోజు అందరూ మైదానంలోకి పరిగెత్తారు. కనకలత పుస్తకంలో గెలుపు రాసి, సంతకం పెట్టి, బీరు గ్లాసులు పంచుతున్న బల్ల పక్కనుంచి నడిచి కారు దగ్గరికి వెళ్లింది. ఎవరూ పిలవలేదు.