మైకులో మా నాయన గొంతు

మా నాయనకు గొప్ప గొంతు ఉండేది. తమిళనాడులోని ధర్మపురిలో టూరింగ్ టాకీసుకు కొత్త బొమ్మ వచ్చిందంటే, జట్కా బండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, పైన స్పీకరు బిగించి, బ్యాటరీ పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఊరంతా తిరిగేవాడు. ఆ గొంతు వినపడగానే ఆడవాళ్ళు చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ఇంట్లో మేము మాట్లాడుకునేది తెలుగు. మైకు ముందు మాత్రం ఆయనది ఖణీమనే తమిళం. ఒకే మనిషికి రెండు నోళ్ళు ఉన్నాయేమో అనుకునేదాన్ని.

నా చిన్నప్పుడే అమ్మ పోయింది. నన్ను పెంచింది మా అత్త, నాయన చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. చదువు లేదు. నాయన మైకులో చెప్పే మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పిండి రుబ్బుతూ వాటిని అదే ఫక్కీలో అప్పజెప్పి నన్ను నవ్వించేది. అన్న గొంతంటే ఆమెకు అంత గర్వం.

నేను హైస్కూలుకు వెళ్ళే రోజుల్లో అత్తకు దగ్గు పట్టుకుంది. సాయంత్రాలు జ్వరం, రోజురోజుకూ జారిపోయే రవికెలు. పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే తీసి క్షయ అన్నారు. సూదులు వేయించుకోవాలి, మాత్రలు మింగాలి, ఏడాదిన్నర దాకా ఒక్కరోజు కూడా మానకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మందులకు డబ్బు అడగలేదు. కానీ సూదుల కోసం వరండాలో వరసలో నిలబడాలి. దారిన పోయేవాళ్ళు ఆ వరసను చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. అత్తకు సూదికంటే అదే ఎక్కువ నొప్పి.

అప్పుడే సేలం నుంచి ఒక టానిక్కు కంపెనీ మనిషి వచ్చాడు. నలగని టెరిలిన్ చొక్కా, నవ్వు ముఖం. సినిమా ప్రచారంతో పాటు తమ టానిక్కు గురించి కూడా చెప్పమని నాయనకు కాగితం రాసిచ్చాడు. రక్తం లేనివారికి రక్తం, బలం లేనివారికి బలం, ఎంత పాత దగ్గయినా పరార్, సూదులు వద్దు, ఆస్పత్రులు వద్దు. ఇవీ అందులోని మాటలు. "అన్బాన తాయ్‌మార్‌గళే," ప్రియమైన తల్లులారా, అని మొదలుపెట్టి నాయన ఆ కాగితానికి ప్రాణం పోశాడు. వింటే నాకే ఒళ్ళు పులకరించింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ అడిగాను. "నాయినా, ఆ మందు నువ్వు తాగి చూసినావా?"

"నేనెందుకు తాగేది? నాకేం రోగం?"

"మరి నిజమని నీకెట్లా తెలుసు?"

నాయన నవ్వాడు. "హీరో ఒంటిచేత్తో పులిని చంపినాడని కూడా చెప్తా ఉండాను. నిజంగా చంపినాడా? జనాలకు తెలీదా ఏంది? చెప్పేది నా పని, నమ్మేది వాళ్ళ పని. సుమ్మా, మాట్లాడకుండా తిను."

పులి సంగతి జనానికి తెలుసు. మందు సంగతి ఎలా తెలుస్తుంది? ఆ తేడాను నాయనకు విడమర్చి చెప్పే మాటలు అప్పుడు నా దగ్గర లేవు.

కంపెనీ పంచిన నోటీసు మీద రెండు ఫోటోలు ఉండేవి. ఒకదాంట్లో బుగ్గలు పీక్కుపోయిన ఆడమనిషి, పక్కదాంట్లో నిండుగా నవ్వుతున్న ఆడమనిషి. టానిక్కుకు ముందు, టానిక్కు తర్వాత. ఆ నోటీసును చాలాసేపు చూశాను. మొదటి ఆమె గడ్డం మీద పెద్ద పుట్టుమచ్చ ఉంది. రెండో ఆమెకు లేదు. పరిగెత్తుకుంటూ పోయి అత్తకు చూపించాను.

"వీళ్ళు ఒకరు కాదత్తా, ఇద్దరు!"

అత్త కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఒళ్ళొస్తే మచ్చ మూసుకొని పోయిందేమోలే" అంది.

అప్పటికే ఆమె ఆ టానిక్కు తాగుతోంది. కంపెనీ మనిషి నాయనకు ఊరికే ఇచ్చిన సీసాలు మా గూట్లో ఉండేవి. బలానికని అడిగితే నాయనే ఒకటి తీసి ఇచ్చాడు. సూదులతో పాటు ఇదీ మంచిదేలే అనుకున్నాడు. ఎర్రగా, తియ్యగా ఉండేది. తాగగానే గుండెల్లో వెచ్చగా దిగేది. సూదుల వల్ల అప్పటికే జ్వరం తగ్గి, ఆకలి పుట్టింది. ఆ మేలంతా టానిక్కు వల్లనే అనుకుంది అత్త. నాయన బండి తొప్పూరు, పాపిరెడ్డిపట్టి సంతల వైపు తిరుగుతున్న రోజుల్లో ఆమె మెల్లగా ఆస్పత్రికి పోవడం మానేసింది.

నాకు తెలిసిన రోజే పోట్లాడాను. డాక్టరు మాట గుర్తుచేశాను. ఏడ్చాను.

"డాక్టరు ఎవురో ఏమో. మా అన్న ఊరంతా వినేటట్టు చెప్తా ఉండాడు. నాకు అబద్ధం చెప్తాడా?"

"అది నాయిన మాట కాదత్తా. కంపెనీవోళ్ళు రాసిచ్చినారు, చదివినాడు, అంతే."

"ఎవురు రాస్తే ఏంది? నోరు వాడిదే కదా" అంది అత్త.

నాయన ఊరినుంచి రాగానే చెప్పాను. ఆయన చెల్లెలిని కోప్పడి, మర్నాడే ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు. తెల్లవారక ముందే అత్తకు నోటి నుంచి రక్తం పడింది. ఆస్పత్రిలో డాక్టరు నాయనను ఏమీ తిట్టలేదు. మధ్యలో మానేస్తే రోగం మొండికేస్తుంది, ఇక ఈ మందులు పనిచేయవు అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని నాయన అడిగాడు. "ఎందుకు మానుకుంటివి తల్లీ? ఎవరు చెప్పినారు నీకు?"

అత్త ఆశ్చర్యంగా చూసింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "నువ్వే కదన్నా చెప్పినావు. సూదులు వద్దని."

ఆ వానాకాలం రాకముందే అత్త పోయింది.

కంపెనీ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు నాయన కాగితం తీసుకోలేదు. "ఇంక నేను చెప్పను సార్" అన్నాడు. అతను బతిమాలలేదు, కోప్పడలేదు. సరేనని పోయాడు. కొన్నాళ్ళకు సంత రోజున బజారులోకి ఒక వ్యాను వచ్చింది. అందులో మనిషి లేడు, టేపు తిరుగుతోంది. వినిపిస్తున్నది మా నాయన గొంతు. సేలం పిలిపించుకుని ఎప్పుడో రికార్డు చేసుకున్నారట. అప్పట్లో తన గొంతు యంత్రంలో విని మురిసిపోయానని నాయన నాకు తర్వాత చెప్పాడు.

ఆ రోజు నేనూ బజారులోనే ఉన్నాను. నాయన చెప్పులు లేకుండా వ్యాను వెంట పరిగెత్తాడు. "నమ్మొద్దండీ! అది తాగి నా చెల్లెలు చచ్చిపోయింది!" అని తమిళంలో అరిచాడు. స్పీకరు ముందు ఆ అరుపు ఎంత? పది అడుగుల అవతల ఎవరికీ వినపడలేదు. కూలి సరిగా ఇవ్వలేదేమో, తాగి గొడవ చేస్తున్నాడు అని ఎవరో నవ్వారు. చంకలో బిడ్డతో ఒక పల్లెటూరి ఆవిడ మాత్రం ఆగి వింది.

"ఆ బండిలో చెప్పేది నువ్వే కదా? ఇక్కడ అరిచేదీ నువ్వే. ఏది నిజం?" అని అడిగింది.

ఆమె వ్యాను దగ్గరకు పోయి సీసా కొనుక్కుంది.

నాయన సినిమా బండి కూడా మానేశాడు. మామిడికాయల మండీలో బుట్టలకు గడ్డి పరిచే పనికి కుదిరాడు. నేనయితే చెవిన పడిన ప్రతి ప్రకటననూ, గోడ మీది ప్రతి బొమ్మనూ అనుమానంగా చూడడం మొదలుపెట్టాను. ఈ మాట ఎవరు రాశారు, నేను నమ్మితే ఎవరికి లాభం, చెప్పకుండా దాచింది ఏమిటి అని నన్ను నేనే ప్రశ్నించుకునేదాన్ని. బడిలో అది ఎవరూ నేర్పలేదు. నేను నేర్చుకునే సమయానికి, నేను నేర్పవలసిన అత్త లేకుండా పోయింది.

తర్వాత కొన్నేళ్ళకు మా పక్కింటావిడకు దగ్గు వచ్చింది. ఆమె కిటికీలో అదే సీసా చూశాను. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మా ఇంట్లో జరిగినదంతా ఆమె కళ్ళారా చూసిందే, పాడె వెంట ఏడ్చిందే. అడ్డు చెప్పకుండా చివరిదాకా వింది. కళ్ళు తుడుచుకుంది.

"పాపం, మీ అత్తకు ఆయుస్సు అంతే రాసి ఉండింది. దానికి మందేం చేస్తుంది చెప్పు?" అని, మూత తీసి చెంచాలో పోసుకుంది.