ఇంజను మీద చాయ్ గ్లాసు

పని బాగా కుదిరిందని మా పెద్దబాపు నోటితో ఎన్నడూ చెప్పలేదు. వరంగల్‌లోని తన షెడ్డులో పాత కారు ఇంజను బాగుచేసి, స్టార్ట్ చేసి, దాని మీద నిండు చాయ్ గ్లాసు పెట్టేవాడు. చాయ్ తొణకకపోతే తీసుకుని తాగేవాడు. తొణికితే ఇంజను మళ్ళీ విప్పేవాడు.

ఆఖరుసారి తొర్రూరు నుంచి ఒకాయన తన తాత నాటి అంబాసిడర్ తెచ్చాడు.

“ఇంజను బ్లాకు అరిగిపోయిందట కాకా, వేరేది ఎక్కియ్యి” అన్నాడు.

పెద్దబాపు కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, బ్లాకు పక్కన పోతపోసిన అంకెలను బొటనవేలితో తడిమాడు.

“ఇది బండితోని పుట్టిన బ్లాకే తమ్మీ. దీన్నే ఉండనియ్యి, నేను చేస్త.”

అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. వద్దని పెద్దమ్మ మొత్తుకుంది.

“చెయ్యి వణికితే ఏంది? మిషను వణుకుతదా?” అని కసిరాడు. అరిగిన సిలిండర్లను బోరింగ్ మిషనుతో లోపల నున్నగా తొలిచి, వాటిలోకి కొత్త స్లీవు గొట్టాలు దించాడు.

బండి స్టార్టయింది. పెద్దబాపు చాయ్ తెస్తుంటే సగం తన చొక్కా మీదే ఒలికింది. పెద్దమ్మ గ్లాసు మళ్ళీ నిండా నింపింది. ఆయన దాన్ని ఇంజను మీద పెట్టి చెయ్యి తీశాడు.

ఆయన చేతిలో అంతగా వణికిన చాయ్, ఆ ఇంజను మీద కదలకుండా నిలబడింది.

పెద్దబాపు పెద్దమ్మ వైపు తిరిగాడు.

“ఇగ ఇప్పుడు మొత్తుకో.”