మామిడి నీడలో సరస్వతి ఆకు

డెబ్బైల చివర్లో నర్సంపేట నుంచి మట్టెవాడకు కోడలిగా వచ్చాను. అత్తగారింటి పెరడంతా ఒక్క మామిడిచెట్టే. దాని కింద మిట్టమధ్యాహ్నం కూడా మసక వెలుగు. అక్కడ ఏదీ మొలిచేది కాదు, మొలిచినా మా అత్తమ్మ ఉండనిచ్చేది కాదు. దవాఖానలో ఆయాగా చేసి మానుకున్న మనిషి. నేలంటే వార్డు నేలలా నున్నగా ఉండాలి ఆమెకు. పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు చల్లి, చీపురు గీతలు కనబడేలా వదిలేది.

మొదటి వానాకాలం పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ, బావి పక్క నీడలో పాకే సరస్వతి ఆకు తీగలు కొన్ని తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ పక్కన వరిపొలాలు వెనక్కి పోతున్నా, సగం నిద్రలో నేనింకా ఆ బావి దగ్గరే ఉన్నట్టు అనిపించింది.

వచ్చీ రాగానే చెట్టు కింద నాటాను. మర్నాడు చూస్తే చీపురు గీతలే ఉన్నాయి.

"పచ్చగుంటే పాములొస్తయ్ బిడ్డా," అంది అత్తమ్మ.

నాకు ఏడుపొచ్చింది. "చాపంత జాగ ఇయ్యి అత్తమ్మా, చాలు."

ఆమె లోపలికి వెళ్ళి తను పడుకునే చాప తెచ్చి చెట్టు మొదట్లో పరిచి, చుట్టూ పుల్లతో గీత గీసింది. "గీత దాటితే పీకేస్త. మల్ల నన్ననొద్దు."

చెత్తకుప్పలో వెతికితే బతికున్న తీగలు రెండు దొరికాయి. వాటినే నాటి, బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. రాలిన మామిడాకులు చేత్తో ఏరాను. ఆ మొక్కకు తొందర లేదు. తీగ కొంచెం సాగి, కణుపు దగ్గర వేరు దించి, గుండ్రటి ఆకొకటి విప్పి, మళ్ళీ సాగేది. ఎండాకాలం చచ్చిపోయినట్టే ఉండి తొలకరికి లేచేది. రెండేళ్ళకు చాపంత జాగా నిండింది. గీత దాటిన తీగల్ని అత్తమ్మ కోసుకెళ్ళి, మారుమాట లేకుండా పచ్చడి నూరేది.

ఎనభైల్లో ఆమె కళ్ళకు పొర కమ్మింది. ఊడ్చే పని నాకొచ్చింది. నేను వారానికి జానెడు తక్కువ ఊడ్చాను. అబద్ధమాడలేదు, చెప్పలేదంతే. వానలకు పచ్చదనం స్నానాలగది దాకా పాకింది.

ఒక పొద్దున ఆమె గోడ పట్టుకుని ఉత్త కాళ్ళతో నడుస్తూ ఆగింది. ఒక పాదం ఎత్తి, మెల్లగా మళ్ళీ పెట్టింది.

"గీత దాటింది గదనే."

"దాటింది అత్తమ్మా. పీకాల్నా?"

"నాకెప్పుడో తెల్సు. వానలు వడ్డప్పటి సంది కాళ్ళకు తగుల్తనే ఉంది." రెండో పాదం కూడా ఆకుల మీద పెట్టింది. "సల్లగుంటాంది. ఉండనియ్యి."

అప్పటినుంచి రోజూ సాయంత్రం నా భుజం పట్టుకుని, చర్చిలో పాడే పాటేదో గొణుక్కుంటూ ఆ ఆకుల మీద నడిచేది.

ఆపరేషనయ్యాక, దళసరి కళ్ళద్దాలతో మొదటిసారి పెరట్లోకి తీసుకెళ్ళాను. ఆమె చెట్టు కింద చతికిలబడి, ఒక ఆకు ఎత్తి చూసింది. అడుగున గోరంతైనా లేని లేత గులాబీ రంగు పూలు.

"గివి పూస్తయని నాకు జెప్పనేలేదు."

నాకే తెలియదు. ఇన్నేళ్ళు పెంచి ఒక్కసారీ వంగి చూడలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా, ఇద్దరం ఒక్కో ఆకూ ఎత్తి చూస్తూ ఉండిపోయాం.