బీపీ లేదని సంతకం పెట్టాను

ఆ ఉదయం పదింటికి నా చేతిలోంచి మైనం కత్తి జారిపోయింది. బరంపురంలో పళ్ళ సెట్లు చేసే చిన్న ల్యాబ్ నాది. డెంటల్ డాక్టర్లు నోటి అచ్చు పంపిస్తే, మైనంలో పళ్ళు పేర్చి సెట్టు తయారు చేస్తాం. పనివాళ్ళు ఇద్దరున్నా పళ్ళు పేర్చేది నేనే. కత్తి తీద్దామని వంగితే వేళ్ళు ముడుచుకోలేదు. మా ఆవిడ పార్వతికి ఫోన్ చేశాను. "మాట ముద్దగా వస్తందేటి?" అని కంగారుపడి ఆటోలో వచ్చేసింది.

ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్. కుడివైపు వీక్‌నెస్ ఉంది. బీపీకి మందు వాడుతున్నారా?" అని డాక్టర్ గారు అడిగారు. మూడేళ్ళుగా వాడుతున్నారని పార్వతి చెప్పింది. ఆయన అదే రాసుకున్నారు.

పదకొండు రోజులకు ఇంటికి పంపారు. తర్వాత ఫిజియోథెరపీ. నలభై ఆరేళ్ళవాణ్ణి, మెత్తటి బంతి నొక్కలేక ఏడ్చాను. నెల తిరక్కుండానే భుజం బిగుసుకుపోయింది, ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు.

ఒక్కటే ధైర్యం. నిరుడు ల్యాబ్ తెరిచిన రోజే పాలసీ తీసుకున్నాను. సామానుకే కాదు, నేను జబ్బుపడి పని ఆగినా ఆరు నెలలు అద్దె, జీతాలు వచ్చే పాలసీ. ఆ ఆరు నెలలు చాలు, ల్యాబ్ నిలబడుతుంది అనుకున్నాను.

క్లెయిమ్ రిజెక్ట్ అని ఉత్తరం వచ్చింది. ఫారంలో బీపీ లేదని రాశారట, డిశ్చార్జ్ సమ్మరీలో మూడేళ్ళుగా ఉందని ఉందట.

ఉన్న బీపీ ఫారంలో ఎలా లేకుండా పోయిందో చెబుతాను. ఫారం నింపింది ల్యాబ్ ప్రారంభం పూజ రోజున. ఏజెంటు మా పిన్ని కొడుకు రమేష్. బీపీ ప్రశ్న దగ్గర వాడు ఆగితే, హారతి పళ్ళెం పట్టుకున్న మా అక్క, "మంచి రోజున కాయితం మీద రోగం పేరేటిరా? లేదని రాసీ," అంది. "ఎవుడు సూస్తాడు అన్నియ్యా," అని వాడు రాసేశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను.

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అక్కది భయం, సరే. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో రమేష్‌కి తెలీదా? రిజెక్ట్ ఉత్తరం వచ్చాక వాడు ఇంటికొచ్చి, "డాక్టర్ గారిని బీపీ ఉందన్న ఆ లైను తీసీమందాం," అన్నాడు. సిగ్గులేకుండా నేనూ వెళ్ళాను.

"మళ్ళీ స్ట్రోక్ వస్తే ఈ కాగితం చూసే మీకు వైద్యం చేస్తారు. తప్పు రాయమంటారా?" అన్నారు డాక్టర్ గారు. తలవంచుకొని వచ్చేశాను.

కంపెనీ మీదా కోపమే. ప్రీమియం తీసుకున్నప్పుడు ఒక్కసారి బీపీ చూడని వాళ్ళు, క్లెయిమ్ పెట్టాక నా పాత మందుల చీటీలన్నీ తవ్వారు.

నాలుగో నెలలో ల్యాబ్ మూసేశాను. ఇప్పుడు ఇంకొకరి ల్యాబ్‌లో పళ్ళ రంగు సరిచూసే పని చేస్తున్నాను. దానికి కళ్ళు చాలు. అన్నం ఎడమ చేత్తో చెంచా పట్టుకొని తింటున్నాను.

సొంతంగా పని చేసుకునే వాళ్ళకు ఒక్క మాట. ఫారం నింపే రోజు చుట్టాలెవ్వరినీ దగ్గరికి రానివ్వకండి. వేసుకునే మాత్రల అట్ట ఎదురుగా పెట్టుకొని, పేరు చూసి, మీ చేత్తో మీరే రాయండి. ఆ చెయ్యి పనిచేస్తున్నప్పుడే రాయండి.