నేల మీద కూర్చున్న బడి

సహోదరీ సహోదరులారా, పోయిన చలికాలమంతా శనివారం వస్తోందంటే నాకు గుండె దడ పట్టుకునేది, బీపీ పెరిగి డాక్టరుగారు పాఠాలు మానేయమన్నారు. ఈ పరాయి దేశంలో మనముండే క్రాన్‌బర్న్‌లో మన పిల్లల కోసం నేను నడిపే తెలుగు బడి మూతపడబోతున్న రోజులవి.

కొత్తగా చేరిన కుటుంబాలను కొందరు తల్లులు ఏ ఊరని, ఆ ఊళ్లో ఇల్లు ఎటువైపని అడిగి కులం తేల్చుకోవడం మొదలుపెట్టారు. తేలాక ఆ తల్లుల్లో ఒకామె, సుజాత, నా దగ్గరకు వచ్చింది.

“ఆంటీ, రూమ్స్ రెండున్నాయి కదా, టూ బ్యాచెస్ చేద్దాం. మీ ఫ్యామిలీ సంగతి మాకు తెలుసు. మనవాళ్ల పిల్లల్ని మీరు తీసుకోండి.”

“మా ఫ్యామిలీ సంగతి తెలిస్తే ఈ మాట అడగవమ్మా” అన్నాను.

మా తాతగారు కృష్ణా జిల్లాలో సొంత ఖర్చుతో బడి కట్టించిన మోతుబరి. దళితవాడ పిల్లలు బెంచీల మీద కూర్చోకూడదని ఊరు పట్టుబడితే, ఆయన బెంచీలన్నీ బయట పెట్టించి, మా అమ్మతో సహా అందరినీ నేల మీద కూర్చోబెట్టారు. ఊరు ఆయన్ని వెలివేసింది, కౌలుదారులు రావడం మానేశారు, పొలం పోయింది, మేడ పోయింది. ఆ చితికిపోయిన ఇంటి బిడ్డనని చెప్పుకోవడానికి నేనెన్నడూ తల దించుకోలేదు.

నా జవాబు నచ్చక ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు. చివరకు గ్రేస్ ఒక్కతే మిగిలింది, ఎవరిని వేరే గదిలో పెట్టమన్నారో ఆ పిల్లే! ఆ శుక్రవారం మోకరించాను. “ప్రభువా, మేడ అడగను, పొలం అడగను. మా తాతగారిని నిలబెట్టినట్టు నన్నూ నిలబెట్టు. ఈ బిడ్డ ముందు నా చేత తలుపు మూయించకు.” లేచేసరికి దడ లేదు. దేవునికే మహిమ!

మర్నాడు బల్లలు, కుర్చీలు గోడవారకు జరిపి, కార్పెట్ మీద కూర్చుని గ్రేస్‌కు గుణింతాలు చెబుతున్నాను. తన కూతురు వదిలేసిన పుస్తకాలు తీసుకెళ్లడానికి సుజాత వచ్చింది. వెంట వచ్చిన ఆ కూతురు నిత్య తిన్నగా వెళ్లి గ్రేస్ పక్కన చతికిలబడింది.

“నిత్యా, లేట్ అవుతోంది, రా.”

“నో అమ్మా. స్కూల్లో మేం పక్కపక్కనే కూర్చుంటాం. వై నాట్ హియర్?”

సుజాత గుమ్మంలోనే ఆగింది. నేను బతిమాలలేదు. కొంచెం జరిగి, నా పక్కన చోటు చేశానంతే. ఆమె చెప్పులు విప్పి వచ్చి కూర్చుంది.

తర్వాత ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, ఇంకా రానివాళ్లూ ఉన్నారు, కానీ ఆ దడ మాత్రం మళ్లీ రాలేదు. మీలో ఎవరైనా న్యాయం కోసం ఒంటరిగా నిలబడలేక అలసిపోతే, నన్ను నిలబెట్టిన ప్రభువును అడగండి, ఆయన చెయ్యి వదలడు. శనివారం మీ పిల్లల్ని కూడా పంపండి. ఏ ఊరని అడగం. అందరికీ చోటు నేల మీదే.