చందర్లపాడు రోడ్డు బడిలో నా తుపాకి కాపలా

నందిగామలో చందర్లపాడు రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు బడికి నన్ను గన్‌మ్యాన్‌గా వేసింది మొన్నటి పెద్ద ఎన్నికలకు ముందు ఏడు, జూన్ నెలలో, బడులు తెరిచిన రోజున. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. నా పేరు కోటయ్య, ఊరు జగ్గయ్యపేట. చదివింది ఐదో తరగతి. ఇంతకు ముందు నేను రాసిందల్లా గేటు పుస్తకంలో వచ్చిన టైము, పోయిన టైము. తప్పులుంటే సర్దుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గన్‌మ్యాన్ అంటే పోలీసు కాదు. సొంత తుపాకి, సొంత లైసెన్సు ఉన్న మనిషిని సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు జీతానికి పెట్టుకుని, అడిగిన చోటికి పంపుతారు. నాది రెండు గొట్టాల తుపాకి. చేలో అడవి పందుల్ని తోలటానికి మా నాన్న తీసుకున్నాడు. ఆయన పోయాక లైసెన్సు నా పేరున మారింది.

బడికి రాకముందు ఇరవై ఏళ్లు క్వారీలో చేశాను. మా పేట చుట్టుపక్కల సున్నపురాయి తవ్వే చోట రాయి పగలగొట్టటానికి పేలుడు మందు వాడతారు. ఆ మందు దాచే గదిని మేగజైన్ అంటారు. ఊరికి దూరంగా, చుట్టూ ముళ్లకంచె వేసి కడతారు. దానికి తుపాకి కాపలా ఉండాల్సిందే. ఆ ఇరవై ఏళ్లలో నేను ఒక్క తూటా పేల్చలేదు. పేల్చే అవసరం రానందుకే నాకు జీతం ఇచ్చారు.

బడి కరస్పాండెంటు సత్యనారాయణ గారు. వాళ్లది నందిగామ బజారులో హోల్‌సేల్ కిరాణా కుటుంబం. మనిషి మంచివాడు, పిల్లల పేరెత్తితే మెత్తబడతాడు. కానీ ఆ ఏడు వేరే బడి వాళ్లు కెమెరాలు పెట్టించామని రోడ్డంతా ఫ్లెక్సీలు కట్టారు. దాన్ని మించింది ఏదో ఒకటి చెయ్యాలని ఈయనకి పట్టింది. అలా నన్ను తెప్పించారు. వారం తిరక్కుండా ఫ్లెక్సీ లేచింది. పైన సరస్వతీదేవి, మధ్యలో కరస్పాండెంటు గారు, కింద 'సాయుధ రక్షణలో మీ పిల్లలు' అని నేను. అందులో నా మొహం కన్నా తుపాకి పెద్దదిగా వచ్చింది. మా ఆవిడ ఆ ఫోటో చూసి, పెళ్లిలో కూడా ఇంత బిగుసుకుపోలేదు కదయ్యా అంది.

గన్‌మ్యాన్‌కి అయ్యే ఖర్చుతో ఇద్దరు మామూలు గార్డులు వస్తారు. అది ఏ ఏజెన్సీని అడిగినా చెబుతారు. ఆ ఖర్చు సర్దటానికి కరస్పాండెంటు గారు వెనక గేటు దగ్గరుండే ఆయా మరియమ్మని మానిపించి, ఆ గేటుకి తాళం వేయించారు. తాళంచెవి నాకు అప్పగించటానికి వచ్చింది మరియమ్మే.

"నీ మీద కోపమేం లేదులే అన్నా," అంది. "కాకపోతే ఒక్క మాట. ఆ తుపాకి చిన్నపిల్లల ముక్కులు తుడుసుద్దా?"

నాకు నవ్వొచ్చింది. తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాను.

రోజూ పేట నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. తుపాకి విప్పి గుడ్డ సంచిలో పెట్టి, తూటాలు వేరే పట్టుకునేవాణ్ణి. బస్సు ఎంత కిక్కిరిసినా నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఆ సీటు టిక్కెట్టు కూడా మీకే కొట్టాలండీ అని కండక్టరు ఆట పట్టించేవాడు.

తుపాకి పట్టుకున్నవాడికి మూడు నియమాలు. తుపాకి ఒంటి మీద నుంచి తియ్యకూడదు. దాన్ని ఎక్కడా ఆనించి పక్కకు పోకూడదు. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి ఎవర్నీ రానివ్వకూడదు. మేగజైన్ దగ్గర ఈ మూడూ తేలికే, అక్కడ వచ్చేవాడే ఉండడు. బడిలో ఆరొందల మంది పిల్లలు. అందుకని నా చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టుకున్నాను. ఆ తాడు గేటులో సగం మింగేసింది. వెనక గేటుకి తాళం కాబట్టి పిల్లలంతా మిగిలిన సగంలో నుంచే పోవాలి. బెల్లు కొట్టాక వ్యాన్లు, ఆటోలు, తల్లిదండ్రుల బళ్లు అన్నీ ముందు రోడ్డు మీదే. గేటుకి కాపలా పెట్టారా, అడ్డం పెట్టారా అని ఒకాయన నా మొహం మీదే అడిగాడు.

ఒకరోజు ఆ తోపులాటలో ఎల్‌కేజీ పాప ఒకతి నా ముందే బోర్లా పడింది. నేను వంగలేదు. భుజాన తుపాకి ఉంది, పిల్లల మధ్యకి దాంతో పోకూడదు. టీచరమ్మ వచ్చి లేపేదాకా ఆ పాప నా వంకే చూస్తూ ఏడ్చింది. నియమం ప్రకారం నేను చేసింది సరైనదే. కానీ ఆ రోజు బస్సులో పేట వచ్చేదాకా నాకు కుదురు లేదు.

తొమ్మిది నెలల్లో ఆ తుపాకి ఎవర్ని ఆపింది అంటే, చెప్పటానికి ఒక్క పేరు లేదు. వీధి కుక్కలు కూడా దాన్ని లెక్కచెయ్యలేదు. బడిలో అన్నం గంట కొట్టగానే నా తాడు కిందుగా దూరి పోయేవి.

మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఎన్నికల పని పూర్తయ్యాకే తిరిగి ఇస్తారు. బ్యాంకు కాపలాకి మినహాయింపు ఉంది, బడికి లేదన్నారు. పేట స్టేషన్‌లో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని బడికి వచ్చాను.

కరస్పాండెంటు గారు రసీదు అటూ ఇటూ తిప్పి చూశారు. "తుపాకి లేకుండా గన్‌మ్యాన్ జీతం ఎట్లా ఇవ్వనయ్యా నేను?" అన్నారు.

ఆయన అన్నది న్యాయమే. కానీ మా చిన్నమ్మాయి విజయవాడలో నర్సింగ్ చదువుతోంది, ఇంకా రెండేళ్లుంది. ఈ పోస్టు పోతే ఆ వయసులో నాకు ఇంకో పోస్టు రాదు. ఏజెన్సీ సూపర్‌వైజరు ఆ మాట ముందే చెప్పాడు.

ఫ్లెక్సీ ఎట్లా దించుతామని ఆలోచించి ఆలోచించి, కరస్పాండెంటు గారు స్టోరు రూములో నుంచి ఒక చెక్క తుపాకి తెప్పించారు. ఆగస్టు పదిహేనుకి పిల్లల కవాతు కోసం వడ్రంగి చేసింది. నల్లరంగు వేసి ఉంది. దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది, పట్టుకో అన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో నేనూ పట్టుకున్నాను. నా ఉద్యోగంలో నేను సిగ్గుపడే పని అదొక్కటే.

అది ఒక్క పూట కూడా నిలవలేదు. తాడు దగ్గరికి ఒక యూకేజీ పాప వచ్చి, మెడ వంచి గొట్టంలోకి చూసింది. "తాతా, దీనికి బొక్క లేదేంటి?" అంది. వెనక వరసలో పిల్లలంతా బొక్క లేదు బొక్క లేదని పాట కట్టారు. నేను ఆ చెక్క పట్టుకెళ్లి కరస్పాండెంటు గారి బల్ల మీద పెట్టేశాను. ఇది నా వల్ల కాదండీ, నిజంగా ఎవడైనా వస్తే దీన్ని చూసి ఇంకా రెచ్చిపోతాడు అన్నాను. సెలవులు ఇచ్చేదాకా ఉత్తి చేతులతో గేటు పని చేస్తాను, పనికొచ్చాననిపిస్తే ఉంచండి, లేకపోతే జూన్‌లో పంపెయ్యండి అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, సరే చూద్దాం అన్నారు.

మర్నాడు తాడు పీకేశాను. గేటు బార్లా తెరుచుకుంది. అప్పుడు ఒంటిపూట బడులు, పన్నెండున్నరకి బెల్లు. ఆ ఎండలో పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టకుండా, గేటు లోపల వ్యాన్లవారీగా వరసలు కట్టించాను. చెయ్యి పట్టుకుని ఒక్కొక్కళ్లనీ ఎక్కించాను. నెల తిరిగేసరికి ఎవరు ఏ వ్యానో, ఎవరికి కిటికీ పక్క సీటు కావాలో, ఎవరి తాత ఆలస్యంగా వస్తాడో అన్నీ తెలిసిపోయాయి. తుపాకి లేకపోయినా వాళ్లు నన్ను గన్ తాత అనే పిలిచారు.

ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు బెల్లు వేళకి కోదాడ నుంచి ఒకాయన బండి మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదగా ఉన్నాడు. గేటు పుస్తకంలో 'లాస్య, యూకేజీ, మేనమామ' అని రాసి సంతకం పెట్టాడు. పొద్దున్నే తల్లి ఆఫీసుకి ఫోన్ చేసి మా అన్న వస్తాడని చెప్పిందట. ఆఫీసు వాళ్లు చీటీ రాసి పంపారు. టీచరమ్మ చీటీ చూసి పాపని తెచ్చి అప్పగించింది. కాగితం ప్రకారం ఒక్క లోటు లేదు. ఆయన పాప చేతికి చాక్లెట్ ఇచ్చి, బండి ముందు కూర్చోబెట్టుకుని స్టార్టు చేశాడు.

నేను హ్యాండిల్ పట్టుకున్నాను. ఆ పాప పసుపు వ్యాన్ పాప, డ్రైవరు వెనక రెండో సీటు. తల్లిది నందిగామలోనే కుట్టు మిషను షాపు. ఇన్నాళ్లలో ఆ పాప కోసం బండి మీద ఎవరూ రాలేదు.

"బుక్కుల సంతకం చేసిన గదన్నా," అన్నాడాయన. "ఎండల పిల్ల మాడుతుంది, ఇడువు."

"ఒక్క నిమిషం ఆగండి," అని పాప వైపు తిరిగాను. "లాస్యమ్మా, ఈయనెవరు తల్లీ?"

నోటి చుట్టూ చాక్లెట్ పూసుకుని, "మామయ్యంట తాతా," అంది.

ఆ 'అంట' విన్నాక నేను హ్యాండిల్ వదల్లేదు. మేనకోడల్ని చూసి ఎన్నాళ్లయిందని ఆయన్ని అడిగాను. లారీ మీద తిరుగుతుంటానని, రెండేళ్లయిందని, పిల్లలు ఎదగరా అని ఆయన గట్టిగా అనేసరికి చుట్టూ జనం పోగయ్యారు. కరస్పాండెంటు గారు ఆఫీసులో నుంచి పరుగెత్తుకొచ్చారు. చీటీ చూశారు, పుస్తకం చూశారు.

"కోటయ్యా, అన్నీ సరిగ్గానే ఉన్నయిగా. పంపించు, పదిమందిలో గొడవెందుకు?" అన్నారు.

నన్ను జూన్‌లో ఉంచాలో పంపాలో తేల్చేది ఆయనే. అయినా, "రెండు నిమిషాలండి. వాళ్ల చెల్లెలికి వీడియో ఫోన్ చేసి పాపని చూపించమనండి, నేనే బండి తోసి పంపిస్తా," అన్నాను.

కోదాడ ఆయన విసుక్కుంటూ ఫోన్ కలిపి పాప మొహానికి పెట్టాడు. పాప చాక్లెట్ చేత్తో టాటా చెప్పింది. అవతల నుంచి చెల్లెలు, "అన్నయ్యా, ఎవరి పిల్లని ఎక్కించుకున్నావు?" అంది. అది చుట్టూ ఉన్న అందరికీ వినపడింది.

ఆ ఏడు యూకేజీలో లాస్యలు ముగ్గురు, సెక్షనుకి ఒకరు. చీటీలో సెక్షను రాయలేదు. ఈయన మేనకోడలు సి సెక్షను లాస్య, వరండా మెట్టు మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంట్లో ఫోటోలో రోజూ చూస్తుందట, ఈయన్ని చూడగానే మామయ్యా అని అరుస్తూ, ఒక బూటు ఊడిపోయినా ఆగకుండా పరుగెత్తుకొచ్చింది. మొదటి లాస్య మాత్రం బండి దిగింది కానీ చాక్లెట్ ఇవ్వలేదు. ఆయన నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "పెద్దాయనా, ఈ పిల్లను కోదాడ దాక తీస్కపోయుంటే మా ఇంట్లోల్లు నన్ను చెట్టుకు కట్టేద్దురు," అన్నాడు. అప్పటికి గేటు దగ్గర అందరూ నవ్వుతున్నారు, కరస్పాండెంటు గారు తప్ప. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

ఓట్ల లెక్కింపు అయ్యాక తుపాకులు తిరిగి ఇచ్చారు. బడులు తెరిచే ముందు కరస్పాండెంటు గారు పిలిచి, తుపాకి తెచ్చుకుంటావా, పాత జీతమే ఇస్తాను అన్నారు. తెచ్చుకుంటానంటే అమ్మాయి ఫీజు బాధ తీరిపోయేది. చెక్క తుపాకి నాటిలా అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

కానీ ఆ కోదాడ ఆయన ముందు తుపాకి ఏం చేసి ఉండేదని ఆలోచించాను. ఆయన దొంగ కాదు, భయపడాల్సిన మనిషీ కాదు. తుపాకి ఉంటే నేను తాడు లోపల ఉండేవాణ్ణి. ఆ పాప ఏ వ్యాన్ ఎక్కుతుందో నాకు తెలిసేది కాదు, బండి వెళ్లిపోయేది. అదే ఆయనకి చెప్పాను. నాకు మామూలు గార్డు జీతం ఇచ్చి, మిగిలినదాంతో మరియమ్మని వెనక గేటుకి పిలిపించండి అన్నాను. ఆయన ఫోన్ తీసి, మరియమ్మ నంబరు ఉందా అని అడిగారు.

చీటీలో సెక్షను రాయటం, ఎప్పుడూ రాని మనిషి వస్తే తల్లికి మొహం చూపించటం అప్పటి నుంచి రూలయ్యాయి. ఫ్లెక్సీ దించేశారు. నేను అనుమతి తీసుకుని తుపాకిని లైసెన్సున్న ఇంకో ఆయనకి అమ్మేశాను. అమ్మాయి ఫీజు ఒక ఏడు దాంతో గడిచింది. రెండో ఏడు ఆదివారాలు కంచికచర్లలో ఒక గోడౌన్‌కి కర్రతో కాపలా కాసి కట్టాను. మొన్న ఏప్రిల్‌లో పని మానేశాను.

బడికి తుపాకి పెట్టాలా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. నేను చూసినంతవరకు దాని ఖర్చు ఎక్కువ, చేసే పని తక్కువ. బడి గేటుకి కొత్తగా చేరినవాడు మొదటి నెల ప్రతి పిల్లా ఏ బండి ఎక్కుతుందో, ఎవర్ని చూస్తే బూటు ఊడిపోయినా పరుగెత్తుతుందో చూసి గుర్తుపెట్టుకోవాలి. అది తెలిసేదాకా వాడు కాపలా మొదలుపెట్టనట్టే.