ముడులక్క చేయి

"నీ చేయి మంచిది కాదమ్మా. పట్టుకున్న డిస్కల్లా చస్తోంది."

కంప్యూటర్ల షాపు ఓనరు ఈ మాట కస్టమర్ల ముందే అన్నాడు. అని, కంప్యూటర్లు బిగించే బల్ల దగ్గర్నుంచి ఆమెను లేపి, మౌసులు అమ్మే కౌంటర్లో నిలబెట్టాడు. ఆ బల్ల తప్ప ఆమెకు షాపులో ఇంకేదీ అక్కర్లేదు.

ఆమెను అందరూ ముడులక్క అనేవారు. కంప్యూటర్ క్యాబినెట్ లోపల ఒక్క వైరూ వేలాడకుండా ముడులు వేసి జడ అల్లినంత బిగువుగా కట్టేది.

గొడవంతా ఫొటో స్టూడియో అతనికి బిగించిన కొత్త కంప్యూటర్‌తో వచ్చింది. షాపులో విప్పి చూస్తే డిస్క్ బుద్ధిగా కనిపించేది. స్టూడియోకు తీసుకెళితే మాయం. డిస్క్ మార్చారు, కొత్తదీ అంతే. వైరులో తప్పు వెతకడానికి మనకు ఓపిక చాలదు. మనిషిలో తప్పయితే చిటికెలో దొరుకుతుంది.

స్టూడియో అతను మళ్లీ మోసుకొచ్చాడు. "ఇది కంప్యూటరా, దాగుడుమూతలాటా?"

ముడులక్క కౌంటర్ దాటి వచ్చి స్క్రూడ్రైవర్ అందుకుంది.

"ఇంకెన్ని చంపుతావమ్మా, వదిలెయ్" అన్నాడు ఓనరు.

"చచ్చిందని మీరే అన్నారుగా. చచ్చినదాన్ని మళ్లీ ఏం చంపుతాను?"

ఆ డిస్కును పక్క కంప్యూటర్‌కు తగిలించింది. చచ్చిన డిస్క్ లేచి కూర్చుంది. తిరిగి దాని చోటే పెట్టి, మూత తీసే ఉంచి ఆన్ చేసింది. కనిపించింది. అప్పుడు తట్టిందామెకు: షాపులో ఎప్పుడూ మూత తీసి చూశారు, స్టూడియోకు మాత్రం మూసి పంపారు. మూత బిగించింది. డిస్క్ మాయం. మూత కాస్త ఎత్తి సందులోంచి చూసింది.

అందంగా ఉండాలని తాను మడిచి కట్టిన కేబుల్‌ను మూత నొక్కుతోంది. దాని కొస డిస్క్ దగ్గర వదులవుతోంది. అది ఇంకెవరి కంటా పడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

కత్తెర తీసుకుని తన ముడులన్నీ తనే కోసేసింది. కేబుల్ వదులుగా తిప్పి, మూత బిగించి ఆన్ చేసింది. డిస్క్ వచ్చింది.

"తప్పు నాదే. మరీ బిగించి కట్టాను."

"నేనన్నదీ అదేగా."

"కాదు. నా చేయి మంచిది కాదన్నారు. చెడ్డది ముడి. కోసేశాను. చేయి ఇదిగో, ఇక్కడే ఉంది."

కస్టమర్లందరూ వెళ్లిపోయాక ఓనరు "రేపట్నుంచి బల్ల దగ్గరే కూర్చో" అని గొణిగాడు. ఆమె మర్నాడు రాలేదు. ఇంటి ముందుగదిలో సొంత బల్ల వేసుకుంది.

మొన్న ఓనరు దారిలో ఎదురుపడి, "ఇంకా కోపమేనా? వచ్చెయ్యమ్మా" అన్నాడు.

"నలుగురిలో అన్న మాటకు చాటున గొణిగితే సరిపోదన్నా. షాపు నిండా జనం ఉన్నప్పుడు చెప్పండి, స్క్రూడ్రైవర్ తెచ్చుకుంటాను."